పొల్లు పోకుండా

పార్క్‌లేన్‌లో మధ్యాహ్నం, రెండో అంతస్తు.
ఏసీ చల్లదనానికి మెడ మీది చెమట
ఉప్పై గీరుకుంటోంది.
ల్యాప్‌టాప్ ఖాయం చేశాను. నలభై ఆరు వేల రెండొందలు.
చీటీ పాడుకున్న డబ్బు.
ఇక బిల్లేగా అనుకుంటుంటే
"ఇంకో రెండేళ్లు పొడిగిద్దామా మేడమ్?" అన్నాడు కుర్రాడు,
నా ఆయుష్షు సంగతి అడిగినట్టు.

మెడలో బ్యాడ్జీ, నవదీప్.
అయిదు వేల నాలుగొందల తొంభై తొమ్మిది.
"రోజుకు ఏడున్నర పడుద్ది మేడమ్.
సగం చాయ్."
నిజమే.
రోజుల్లోకి విడగొడితే
ఏ భయమైనా సగం చాయే.

నేను అక్షరాలు కూర్చే మనిషిని.
చిక్కడపల్లిలో మెట్ల కింద గది.
పెళ్లి పత్రికలు, పెద్దకర్మ కార్డులు,
ఎలక్షన్లొస్తే కరపత్రాలు.
పాత మిషను వారంటీ దాటిన పదకొండో రోజు
రాత్రి పదింటికి
పొల్లు మీట చచ్చిపోయింది.
తెల్లారితే ప్రింటుకెళ్లాల్సిన కార్డు.
తెర మీద లగ్నం లగనమైంది,
ఆహ్వానం ఆహవానం.
వధువు వధువుగానే ఉంది గానీ
చి.ల.సౌ. లక్ష్మీప్రసన్న
లకషమీపరసననై
నగలన్నీ ఒలిచేసిన పిల్లలా నిలబడింది.

అందుకే షరతుల కాగితం అడిగాను.
ఎవరూ అడగరేమో,
మూడు సొరుగులు వెతికి తెచ్చాడు,
మడత కూడా విప్పనిది.
వెనకవైపు తెలుగు. ఆరు పాయింట్ల అక్షరాలు.
నాకవి చుట్టాలు.
నిలబడే చదివాను, పొల్లు పోకుండా.

నీళ్లు పడితే వర్తించదు.
కరెంటు ఎక్కువై కాలితే వర్తించదు.
ఎలుక కొరికితే వర్తించదు.
బ్యాటరీ అరిగే వస్తువు గనక వర్తించదు.
చేయి జారితే దానికి వేరే ప్లాను.
మరమ్మతు అన్నచోట మరమత్తు అని పడింది.
ఎర్ర పెన్ను కోసం చెయ్యి దానంతటదే సంచిలోకి పోయింది.

వానొస్తే నా గది గడప దాటి నీళ్లొస్తాయి.
కరెంటు పోవడం నెమ్మదిగానే పోతుంది,
రావడమే తన్నుకుంటూ వస్తుంది.
కార్డుల జిగురు కోసం ఎలుకలు
నాకంటే ముందు డ్యూటీ ఎక్కుతాయి.
నా బతుకులో జరిగేవన్నీ
వీళ్ల కాగితంలో
జరగకూడనివి.

"నీ ఫోనుకు తీసుకున్నావా బాబూ?"
నవ్వాడు. ఫోను తిప్పి చూపించాడు.
ఈ మూల నుంచి ఆ మూలకు పగులు.
తర్వాత గొంతు తగ్గించి
"ఈ నెల ఇంకా రెండు తక్కువున్నయ్ మేడమ్" అన్నాడు.
అరగంటలో అతనన్న వాటిలో
పొల్లు కాని మాట అదొక్కటే.
ఆ మాటకు కొనేసేదాన్నే.
నిజంగా. పర్సు జిప్పు సగం తీశాను కూడా.

తీసుకోలేదు.
ఆరొందల యాభైకి విడిగా ఒక కీబోర్డు తీసుకున్నాను.
బిల్లు రాసేలోపు దాని మీద
లక్ష్మీప్రసన్న పేరు ఏడెనిమిదిసార్లు కొట్టి చూశాను.
ప్రతిసారీ నిండుగా వచ్చింది.
ఇప్పుడామెకు ఇద్దరు పిల్లలేమో.

కిందికి దిగేసరికి వాన.
నీళ్లు పడితే వర్తించదు.
డబ్బాను కొంగులో చుట్టి
మెట్ల పక్క మోయిన్ భాయ్ రేకు కిందికి దూరాను.
మూడడుగుల బల్ల, ఒక దీపం, కంటికి భూతద్దం.
ఆ రాత్రి తెల్లారాక పొల్లు మీట బతికించింది ఈయనే,
రెండొందల యాభైకి.
"హో జాతా, ఫికర్ నక్కో."
అదే ఆయన షరతుల కాగితం, రెండు వైపులా.

కొత్త డబ్బా వైపు చూసి ఏమీ అనలేదు.
ఈసారి స్క్రూ పెట్టడానికి చెయ్యి
రెండుసార్లు తడుముకుంది.
మూడో ఏడుకు
ఈ చూపుకు ఎవరిస్తారు వారంటీ?
అడుగుదామనుకున్నాను.

"ఎన్నాళ్లు కూచుంటారు భాయ్ ఇక్కడ?" అని మాత్రం వచ్చింది.
భూతద్దం తీయకుండానే
హోటల్ పిల్లాణ్ని కేకేశాడు,
వన్ బై టూ.

వాన తగ్గేదాకా
నా సగం చాయ్
నేను మెల్లగా తాగాను.